పాయింట్లున్నాయి, సీటు లేదు



ఖరగ్‌పూర్ తెలుగిళ్ళలో ప్రయాణం మాటెత్తితే మొదట వినపడే ప్రశ్న "పాసు తీశారా?" అనే. టికెట్ ధర సంగతి తర్వాత. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పలాస నుంచి, టెక్కలి నుంచి, ఆమదాలవలస, బొబ్బిలి వైపు నుంచి మన తాతలు ఇక్కడి వర్క్‌షాపులోకి, లోకో షెడ్డులోకి, యార్డులోకి పనికి వచ్చారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఊళ్ళో పొలం తగువున్నా, మేనమామ కూతురి పెళ్ళయినా, అమ్మవారి పండగైనా చేతిలో రైల్వే ఉచిత పాసుంటే బయల్దేరేవారు. మూడు నాలుగు తరాల కుటుంబాలు సొంతూరితో తెగిపోకుండా నిలిచాయంటే, అందులో ఆ పాసు చేసిన మేలు చాలా ఉంది.

ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు రైల్వేలో చేరడం తగ్గింది. హైదరాబాద్, బెంగళూరు, న్యూజెర్సీ, టెక్సాస్. వాళ్ళు ఫోన్‌లో చెప్పే మాట వేరు. "నాన్నా, నా దగ్గర మైల్స్ ఉన్నాయి, పాయింట్లున్నాయి. ఈసారి మీ ఇద్దరి టికెట్లూ వాటితోనే." ముప్పయ్యేళ్ళు పాసు మీద తిరిగిన తండ్రి ఆ మాట వెంటనే నమ్ముతాడు. పాసులాంటిదే కాబోలు అనుకుంటాడు. ఆ నమ్మకం దగ్గరే మన కుటుంబాలు దెబ్బ తింటున్నాయి. ముఖ్యంగా పాయింట్లు ఒక విమాన సంస్థవీ, ఎక్కాల్సిన విమానం దాని భాగస్వామి సంస్థదీ అయినప్పుడు. ఈ సంగతి నెమ్మదిగా, వివరంగా చెప్పాలనే ఈవేళ మీ ముందుకొచ్చాను.

ముందు పాసు సంగతి. రైల్వే సర్వెంట్స్ పాస్ రూల్స్ అని 1986లో అచ్చయిన నిబంధనలున్నాయి. ఎవరికి ఎన్ని పాసులు, ఏ తరగతిలో, కుటుంబమంటే ఎవరెవరు, డిపెండెంట్ అంటే ఎవరు, రిటైరయ్యాక ఎన్ని, అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఐదేళ్ళ సర్వీసు దాటిన గ్రూప్-సి ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్ల పాసులు. ఒక సెట్టంటే పోనూ రానూ. అవి కాక నాలుగు సెట్ల పీటీఓలు, అంటే ప్రివిలేజ్ టికెట్ ఆర్డర్లు, వాటి మీద మూడో వంతు ఛార్జీ కట్టుకుంటే చాలు. పాత కాగితం పాసు చూసినవాళ్ళకు గుర్తుంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, వెంట ఎవరెవరు, వాళ్ళ వరస ఏమిటి, వయసెంత, అన్నీ గుమస్తా చేత్తో నింపేవాడు. 2020 ఆగస్టు నుంచి అది ఫోన్‌లోకి వచ్చింది. రైల్వే ఉద్యోగుల పోర్టల్ హెచ్‌ఆర్‌ఎంఎస్‌లో అర్జీ పెట్టుకుంటే ఈ-పాసు వస్తుంది, దాని నంబరుతో ఇంట్లో కూర్చుని రిజర్వేషన్ చేసుకుంటున్నారు.

పాసుతో కష్టాలు లేవని నేననను. సంక్రాంతికి, వేసవి సెలవులకి ఫలక్‌నుమాలోనూ కోరమాండల్‌లోనూ బెర్తు దొరకడం ఎంత కష్టమో మనకు తెలుసు. రాజధాని, దురంతో బళ్ళలో పాసుకు పరిమితులున్నాయి. కానీ వెయిటింగ్ లిస్టులో మన నంబరెంతో కళ్ళకు కనిపిస్తుంది. ఇంకో సంగతి చూడండి. 2003 ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడింది. అప్పటిదాకా మన సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉన్న వాల్తేరు డివిజన్ అందులోకి వెళ్ళిపోయింది. ఒక్క రోజులో ఖరగ్‌పూర్ ఒక జోను, విజయనగరం ఇంకో జోను అయ్యాయి. ఖరగ్‌పూర్ ఫిట్టరు పాసు మాత్రం మర్నాడు కూడా శ్రీకాకుళం రోడ్డు దాకా అలాగే చెల్లింది. నీ పాసు వేరే జోనుది, మా దగ్గర దానికి కేటాయింపు వేరు అని ఏ టీటీఈ అనలేదు. భాగస్వామ్యం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

ఇక విమానాల దగ్గరికి వద్దాం.

తరచుగా ఎక్కేవాళ్ళకు మైళ్ళు జమ చేసే పద్ధతిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన దేశంలో ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్ పథకం 1994 నాటిది. 2014 జులైలో ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది. అప్పటి నుంచి మన ప్రయాణికుడు సంపాదించిన పాయింట్లు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనో, లుఫ్తాన్సాలోనో, యునైటెడ్‌లోనో వాడుకునే వీలు కలిగింది. వినడానికి ఇది గొప్ప సదుపాయం. ఖరగ్‌పూర్‌వాళ్ళకు మరీ అవసరమైన సదుపాయం కూడా, ఎందుకంటే మనకు దగ్గరి పెద్ద విమానాశ్రయం కోల్‌కతా, అక్కడి నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. ఢిల్లీయో, దోహాయో, సింగపూరో ఎక్కడో ఒకచోట దిగి మారాలి. మారినచోట విమానం చాలాసార్లు ఇంకో సంస్థది అవుతుంది. కాబట్టి భాగస్వామి విమానంలో పాయింట్లు చెల్లడమన్నది మనకు ప్రయాణానికి మొదటి షరతు.

మా పేటలో ఒక రిటైర్డ్ ఫిట్టరుగారింట్లో జరిగింది చెబుతాను. కూతురు అమెరికాలో ఉద్యోగం, నెలలు నిండుతున్నాయి, పురిటికి అమ్మానాన్నలు రావాలి. ఉద్యోగం మీద తిరిగి తిరిగి ఆ అమ్మాయి ఒక సంస్థ దగ్గర పాయింట్లు కూడబెట్టింది. ఆ సంస్థ విమానాలు కోల్‌కతాకు రావు, భాగస్వామివి వస్తాయి. రాత్రి వీడియో కాల్‌లో అమ్మాయి తన స్క్రీన్ చూపిస్తోంది, ఇటు తల్లీ తండ్రీ ఫోను మధ్యలో పెట్టుకుని చూస్తున్నారు. సీట్లు కనిపించాయి. ఎన్ని పాయింట్లో, పైన పన్నులెంతో కూడా కనిపించింది. పాస్‌పోర్టులో ఉన్నట్టు పేర్లు కొట్టింది, పుట్టిన తేదీలు కొట్టింది, కార్డు నంబరిచ్చింది, ఓటీపీ కొట్టింది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఈ విమానం ప్రస్తుతం అందుబాటులో లేదు, మళ్ళీ ప్రయత్నించండి అని ఎర్రక్షరాలు పడ్డాయి. వెనక్కి వెళ్ళి వెతికితే అవే సీట్లు మళ్ళీ అక్కడే ఉన్నాయి. తల్లి అడిగింది: "కనపడతన్న సీటు ఇవ్వరేటమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఇద్దరు. పాయింట్లిచ్చిన సంస్థకు ఫోన్ చేస్తే, మాకూ కనిపిస్తోంది గానీ అవతలి సంస్థ ఒప్పుకోవడం లేదన్నారు. అవతలి సంస్థకు చేస్తే, టికెట్ ఇవ్వాల్సింది మీ పాయింట్ల సంస్థే, మేం ఏమీ చేయలేమన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారి ఎవరో కూడా తేలలేదు. చివరికి వేరే తేదీకి ఒక్క సీటు దొరికింది. అంతకుముందెప్పుడూ విమానం ఎక్కని మనిషి, ఇంగ్లీషు రాని మనిషి, ఒంటరిగా రెండు చోట్ల విమానం మారి వెళ్ళాలా? వద్దనుకున్నారు. తండ్రి గ్రాట్యుటీ డబ్బులోంచి రెండు టికెట్లు కొన్నాడు. పాయింట్లు అలాగే ఉన్నాయి.

ఎందుకిలా అవుతుంది? కొంత యంత్రం సంగతి, ఎక్కువ భాగం డబ్బు సంగతి.

యంత్రం సంగతి త్వరగా చెబుతాను. ఒక సంస్థ వెబ్‌సైటు భాగస్వామి సీట్లను ప్రతిసారీ అప్పటికప్పుడు అడిగి చూపించదు. ఇంతకుముందు తెచ్చిపెట్టుకున్న జాబితా చూపిస్తుంది. మనం డబ్బు కట్టే క్షణంలోనే అవతలి కంప్యూటర్‌ను నిజంగా అడుగుతుంది. ఈలోగా సీటు పోయి ఉంటుంది, లేదా మొదటి నుంచీ లేనేలేదు. వీటిని ఫాంటమ్ సీట్లంటారు. ఇది సరిచేయలేని లోపమేమీ కాదు. నష్టం ప్రయాణికుడిది కనుక సరిచేసే తొందర ఎవరికీ లేదు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. విమానంలో ప్రతి సీటూ ఏదో ఒక అక్షరం కింద అమ్ముడవుతుంది. ఎకానమీ అంటే ఒకే తరగతి అని మనం అనుకుంటాం గానీ అందులోనే ధరను బట్టి పదికి పైగా అక్షరాలుంటాయి. స్టార్ అలయన్స్‌లో పాయింట్ల టికెట్‌కు ఎకానమీలో ఎక్స్, బిజినెస్‌లో ఐ అనే అక్షరాలు వాడతారు. ఆ అక్షరం కింద ఎన్ని సీట్లు తెరవాలన్నది విమానం నడిపే సంస్థ ఇష్టం. రెండు తెరవచ్చు, ఒక్కటీ తెరవకపోవచ్చు. భాగస్వామి పాయింట్లతో వచ్చినవాడి తరఫున పాయింట్లిచ్చిన సంస్థ ముందే కుదుర్చుకున్న ఒక మొత్తం కడుతుంది, అది మామూలు టికెట్ ధర కంటే చాలా తక్కువ. అందుకని నడిపే సంస్థ, డబ్బుకు అమ్ముడుపోదని తోచిన సీటునే ఇటు తోస్తుంది. సొంత సభ్యులకు చూపించే సీట్లు కొన్ని భాగస్వామి సభ్యులకు చూపించదు కూడా. దసరా, సంక్రాంతి, డిసెంబరు సెలవులు, మే జూన్ నెలలు, అంటే పిల్లలకు సెలవులుండి మనం బయల్దేరగలిగే రోజులు, డబ్బుకే నిండిపోతాయి. పురుడు, పెళ్ళి, చావు, ఇవి ఖాళీ సీటును చూసుకుని రావు.

సీటు తెరవకపోవడం వ్యాపారం, దాన్ని నేను తప్పుపట్టను. ఎన్ని తెరుస్తారో ఎక్కడా చెప్పకుండా, ప్రపంచంలో ఎక్కడికైనా మీ పాయింట్లతో ఎగరండి అని ప్రకటన వేయడాన్ని తప్పుపడుతున్నాను. వెయిటింగ్ లిస్టు నంబరు చూసి ప్రయాణం మానుకోవాలో ఆగాలో నిర్ణయించుకునే అలవాటున్న రైల్వే కుటుంబానికి ఈ చీకటి భరించరానిది.

ఇంకొక చిక్కు. కోల్‌కతా నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి అమెరికా అని రెండు ముక్కల ప్రయాణం అనుకోండి. దూరపు విమానంలో పాయింట్ల సీటుంటుంది, రెండు గంటల చిన్న విమానంలో ఉండదు. మొత్తం ప్రయాణమే లేదని జవాబొస్తుంది. ముక్కలుగా వెతికినవాడికి మాత్రం సంగతి తెలుస్తుంది. పాయింట్ల టికెట్ ఉచితం అనుకునేవాళ్ళు ఇంకో మాట వినాలి. పన్నులు, విమానాశ్రయ రుసుములు కాక ఇంధనం పేరుతో సంస్థ వేసుకునే సర్‌ఛార్జి కొన్ని భాగస్వామి విమానాల్లో చాలా ఎక్కువ. అదంతా రొక్కంగానే కట్టాలి.

మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా ఎదురయ్యే అవస్థ ఒకటుంది, పేరు. ఇంటిపేరు ముందు, పేరు వెనక మన పద్ధతి. స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. సర్వీసు రికార్డులో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా విప్పి రాస్తారు. వెంకట సూర్యనారాయణమూర్తి లాంటి పేరు టికెట్ మీద సగంలో తెగిపోతుంది. పాయింట్ల ఖాతాలో పేరు, భాగస్వామి టికెట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా కలవకపోతే మైళ్ళు జమ కాకపోవచ్చు. జమ కాలేదని రాస్తే బోర్డింగ్ పాసు పంపమంటారు. దాన్ని ఇంటికొచ్చిన మర్నాడే పారేసి ఉంటాం. పేర్లు కలిసినా, చవక టికెట్ల అక్షరాల కింద కొన్న ప్రయాణానికి భాగస్వామి దగ్గర పాయింట్లే రాకపోవచ్చు. ఎక్కేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇంత కష్టపడి కూడబెట్టినవాటి విలువ ఎవరి చేతిలో ఉంది? ఒకప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని మైళ్ళో ఒక పట్టిక అచ్చు వేసేవారు. డెల్టా 2015లో ఆ పట్టిక తీసేసింది, యునైటెడ్ 2019 నవంబరులో తన విమానాలకు తీసేసింది. ఇప్పుడు ధర రోజురోజుకీ మారుతుంది. సంపాదన పద్ధతి కూడా మారింది. ఎయిర్ ఇండియా 2024లో తన పథకాన్ని మార్చి, ఎగిరిన దూరానికి బదులు కట్టిన ధరను బట్టి పాయింట్లివ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయాక ఆ పథకానికి మహారాజా క్లబ్ అని పేరొచ్చింది. అంతకుముందు జెట్ ఎయిర్‌వేస్ సంగతి మనం మరిచిపోలేం. 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థ విమానాలు ఆగిపోయాయి. దాని జెట్‌ప్రివిలేజ్ పాయింట్లు రద్దు కాలేదు, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికాయి. పాయింట్లున్నాయి, వాటిని ఇచ్చిన విమానమే లేదు. భాగస్వాముల తలుపులు తట్టడం తప్ప సభ్యులకు వేరే దారి లేకపోయింది.

ఈ పాయింట్లు సంస్థలు దయతలచి ఇచ్చే కానుకలని అనుకునేవాళ్ళు ఒక లెక్క చూడాలి. కోవిడ్ కాలంలో విమానాలు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 6.8 బిలియన్ డాలర్లు తెచ్చుకుంది. అది 2020. మరుసటేడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన పథకం మీద 10 బిలియన్ డాలర్లు తెచ్చింది. బ్యాంకులు క్రెడిట్ కార్డుల కోసం ఈ పాయింట్లను సంస్థల దగ్గర డబ్బిచ్చి కొంటాయి. అప్పిచ్చేవాడి దగ్గర ఇవి కోట్లు విలువ చేసే ఆస్తి. సభ్యుడు వచ్చి నిలబడితే మాత్రం, మా ఇష్టమైతే ఇస్తాం లేకపోతే లేదనే కాగితం. ఈ రెండు మాటలూ ఒకే నోట రావడం అన్యాయం.

కోర్టుకెళ్తే? అమెరికాలో 2014లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పిచ్చింది. మినెసోటాకు చెందిన ఒక యూదు మతగురువు సభ్యత్వాన్ని నార్త్‌వెస్ట్ విమాన సంస్థ రద్దు చేసింది. ఆయన మరీ ఎక్కువగా ఫిర్యాదులు చేస్తున్నాడని సంస్థ వాదన. రద్దు చేసే అధికారం పూర్తిగా సంస్థ విచక్షణకే వదిలేసినట్టు షరతుల్లో రాసి ఉంది. సద్భావంతో నడుచుకోలేదన్న ఆయన వాదన 1978 నాటి విమానయాన చట్టం ముందు నిలవదని కోర్టు తేల్చింది. పదేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో, అక్కడి రవాణా శాఖే నాలుగు పెద్ద సంస్థల పథకాల మీద విచారణ మొదలుపెట్టింది. పాయింట్ల విలువ తగ్గించడం, ధరలు దాచడం అందులో ప్రశ్నలు.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందం అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఒక పక్షమే రద్దు చేసుకునే షరతు అందులోకి వస్తుంది. పైగా ఫిర్యాదుదారు తాను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. ఖరగ్‌పూర్ మనిషి ఢిల్లీయో ముంబయో పరుగెత్తక్కర్లేదు, మేదినీపూర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అన్యాయమైన ఒప్పందం అనే వాదనకైతే కోల్‌కతాలో రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. అంతకంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో రాయవచ్చు. మన తెలుగువాళ్ళు యూనియన్ ఆఫీసుకు పాసు క్లర్కు మీద ఫిర్యాదు పట్టుకెళ్ళడానికి ఏనాడూ వెనకాడలేదు. ఈ విషయంలో మాత్రం, పోనీలే ఊరికే వచ్చినవే కదా అని ఊరుకుంటున్నారు. ఊరికే రాలేదు. టికెట్ ధరలోనే, కార్డు రుసుములోనే వాటి ఖరీదు మన దగ్గర తీసుకున్నారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. భాగస్వామి సభ్యులకు ఏ దారిలో ఏడాదికి ఎన్ని సీట్లు తెరిచారో సంస్థలు ప్రకటించాలి. ఇప్పటికే సంపాదించిన పాయింట్లకు పాత ధర కనీసం ఒక ఏడాది నిలవాలి. టికెట్ ఎవరిచ్చారో వాళ్ళే మొదటి నుంచి చివరిదాకా జవాబుదారీ కావాలి. మధ్యలో విమానం రద్దయితే ప్రయాణికుణ్ణి రెంటికీ చెడ్డ రేవడిని చేయకూడదు. రైల్వే పాసు నిబంధనల పుస్తకంలో ఇలాంటివి రాయగలిగినప్పుడు విమాన పథకాల్లో రాయలేకపోవడానికి కారణం లేదు.

అవి వచ్చేలోగా ఇంటికి పనికొచ్చేవి కొన్ని. క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన సంస్థకు మార్చే ముందు సీటు నిజంగా ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒకసారి మార్చితే మామూలుగా వెనక్కి రావు. వెబ్‌సైటులో లేకపోతే విమానం నంబరు, తేదీ చెప్పి ముక్కముక్కగా చూడమని అడగండి. పురుడులాంటి తేదీ తప్పని ప్రయాణానికి పాయింట్లను నమ్ముకోకండి. వాటిని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, అక్కడ నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఖాతాలో పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టు ఈవేళే దిద్దించండి. మైళ్ళు జమయ్యేదాకా బోర్డింగ్ పాసును పాస్‌పోర్టుతోపాటు బీరువాలో ఉంచండి. టికెట్ నంబరు మొదటి మూడంకెలు చూడండి. 098 అయితే ఎయిర్ ఇండియా ఇచ్చిన టికెట్, 618 అయితే సింగపూర్ ఎయిర్‌లైన్స్, 220 అయితే లుఫ్తాన్సా. విమానం ఎవరిదైనా సరే, ఆ అంకెలు ఎవరివో వాళ్ళనే పట్టుకుని అడగండి.